'ది హాబిట్' నవలను పాత్రలు, జాతులు, థీమ్‌ల వారీగా చదవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఇంగ్లిష్ సాహిత్యం చదివే విద్యార్థులు, ఇష్టంతో ఫాంటసీ చదివే పెద్దలు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. నవల మొత్తం చదివాం, కథ గడగడా చెప్పగలం. కానీ సెమినార్ పేపర్ రాద్దామని కూర్చుంటే "దురాశ దుఃఖానికి చేటు" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేం రావడం లేదు. ఏం చేయాలి?

చాలామంది విషయంలో చదివిన వరసే తప్పు. థీమ్‌ను ముందే పట్టుకుని, దానికి సరిపోయే ఉదాహరణలు ఏరుకుంటారు. సరిపోనివన్నీ కంటికే ఆనవు. వరస తిప్పండి. ముందు ఎవరు ఏం చేశారో రాసుకోవాలి, ఆ తర్వాత ఆ మనిషి ఎలాంటివాడో, ఆ తర్వాత వాళ్ల జాతి గురించి పుస్తకం ఏం చెబుతోందో చూడాలి. థీమ్ అన్నిటికన్నా చివర.

ఇక్కడ ఉదాహరణకి జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన 'ది హాబిట్'నే తీసుకున్నాం. 19 అధ్యాయాలే కాబట్టి ఒక సెమిస్టర్ మధ్యలో హాయిగా పూర్తవుతుంది. బిల్బో అనే హాబిట్ (పొట్టి మనుషుల్లాంటి జాతి), థోరిన్ నాయకుడిగా ఉన్న 13 మంది డ్వార్ఫులతో (గడ్డాలుండే పొట్టి జాతి), మాంత్రికుడు గాండాల్ఫ్ తోడుగా, స్మాగ్ అనే డ్రాగన్ ఆక్రమించిన కొండలోని సొత్తు కోసం బయలుదేరే కథ ఇది. దారిలో ఎల్ఫులు (చిరకాలం బతికే అందమైన జాతి), గాబ్లిన్లు (కొండ గుహల్లో ఉండే క్రూరమైన జాతి) ఎదురవుతారు. పైగా కథ దాదాపు అంతా బిల్బో ఒక్కడి వెంటే నడుస్తుంది కాబట్టి పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన నవల దొరకదు.

1. ముందు సర్దుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు మీ చేతిలో ఉన్న పుస్తకం ఏ కూర్పుదో చూసుకోండి. ఈ నవల 1937లో వచ్చింది. 1951 కూర్పు కోసం టోల్కీన్ 5వ అధ్యాయాన్ని బాగా మార్చాడు. పాత కూర్పులో గొల్లమ్ (కొండ కింద చీకట్లో ఒంటరిగా బతికే జీవి) పొడుపుకథల పందెం ఓడితే, పెట్టుకున్నవాళ్లని కనపడకుండా చేసే ఉంగరం బహుమానంగా ఇస్తానంటాడు. అది కనపడకపోయేసరికి క్షమించమని బతిమాలి, బిల్బోకి బయటికి దారి చూపిస్తాడు. ఇప్పుడు మనం చదివే పాఠంలో అదే గొల్లమ్ బిల్బోని చంపాలని చూస్తాడు. అంగట్లో దొరికే కొత్త ప్రతులు దాదాపు అన్నీ మార్చిన పాఠాలే. ఎవరైనా పాత విమర్శకుడు గొల్లమ్‌ను మర్యాదస్తుడన్నట్టు రాస్తే కంగారు పడకుండా, ఆ వ్యాసం ఏ సంవత్సరానిదో చూడండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- పూర్తి పాఠం ఉన్న ప్రతి. పిల్లల కోసం కుదించిన పుస్తకం దీనికి పనికిరాదు. కుదించేవాళ్లు ముందు తీసేసేది కథకుడి వ్యాఖ్యలనే, మనకు కావాల్సింది అవే.
- 200 పేజీల లాంగ్ నోట్‌బుక్.
- 4 రంగుల పెన్నులు.
- లైబ్రరీ ప్రతి అయితే గీతలు పెట్టకూడదు కాబట్టి, పేజీల మధ్య పెట్టడానికి సన్నగా కత్తిరించిన కాగితం ముక్కలు.
- దారి పటానికి ఒక చార్ట్.

6 వారాలు కేటాయించుకోండి. రోజుకి 2 అధ్యాయాల చొప్పున మొదటి చదువుకి 10 రోజులు. రోజుకి ఒక అధ్యాయం చొప్పున రెండో చదువుకి 3 వారాలు, అందులో 2 రోజులు వెనకబడ్డవాళ్లు అందుకోవడానికి. మిగిలిన రోజులు రుజువుల పట్టీలు (4వ భాగంలో చెప్పినవి) సరిచూసుకుని పేపర్ రాయడానికి.

2012, 2013, 2014లో వచ్చిన మూడు సినిమాలు చూడాలనిపిస్తే ఈ 6 వారాలూ గడిచాక చూడండి. కారణం 9వ భాగంలో ఉంది.

2. మొదటి చదువు

పెన్ను పక్కన పెట్టి చదవండి. పాటలు వదిలేయకండి. 1వ అధ్యాయంలో డ్వార్ఫులు పాడే పాట వింటుండగానే బిల్బోలో ఊరు దాటాలన్న కోరిక మొదటిసారి కదులుతుంది. ఆ పాట దాటేసినవాళ్లకి "ఇంత బద్ధకస్తుడు ఎందుకు బయలుదేరాడు?" అన్న అనుమానం చివరిదాకా ఉండిపోతుంది.

అధ్యాయం ముగిశాక మాత్రం మూడే మూడు లైన్లు రాయండి:

1. ఎవరు ఎక్కడికి చేరారు?
2. ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారు?
3. దాని వల్ల చేతికి ఏం వచ్చింది, చేతి నుంచి ఏం పోయింది?

2వ అధ్యాయానికి ఇలా వస్తుంది: "దారిలో ముగ్గురు ట్రోల్స్ (ఎండ తగిలితే రాయైపోయే భారీకాయులు) మంట దగ్గరికి చేరారు. వట్టి చేతులతో వెనక్కి పోలేక బిల్బో ఒక ట్రోల్ జేబులోని పర్సు కొట్టేయబోయాడు. డ్వార్ఫులందరూ సంచుల్లో పడ్డారు, గాండాల్ఫ్ తెల్లారేదాకా ట్రోల్స్‌ని మాటల్లో పెట్టి కాపాడాడు, కత్తులు దొరికాయి." అంతే. నాలుగో లైన్ రాయబుద్ధయితే ఆపుకోండి.

3. దారి పటం గీయడం

ఇది ప్రయాణం కథ. చోటు మారినప్పుడల్లా మనిషి కూడా కొంత మారతాడు. అందుకని పటం అలంకారానికి గీసే బొమ్మ అనుకోకండి, పాత్రల అధ్యయనంలో సగం పని దాంట్లోనే అయిపోతుంది.

ముందు మీకు తెలిసిన దారితో సాధన చేయండి. అలిపిరి మెట్ల దారినే తీసుకోండి. దాదాపు 9 కిలోమీటర్లు, సుమారు 3,550 మెట్లు. పాదాల మండపం, గాలిగోపురం, మోకాళ్ల మిట్ట అని చోట్లు వరసగా రాసి, ఒక్కోదాని పక్కన నడిచేవాళ్ల స్థితి రాయండి. గాలిగోపురం దాకా నిటారు ఎక్కుడు, ఆయాసం, ఎందుకు మొక్కుకున్నామా అన్న ఆలోచన. అది దాటాక నడక కుదురుకుంటుంది, మాటలు మొదలవుతాయి. మోకాళ్ల మిట్ట దగ్గర ఒళ్లు అలిసినా మొక్కు గుర్తొచ్చి కొందరు మోకాళ్ల మీద ఎక్కుతారు. చోటు, ఒంటి స్థితి, మనసు స్థితి: ఈ మూడు గళ్లూ పూరించడం వస్తే నవలకి పటం గీయడం వచ్చినట్టే.

ఇప్పుడు చార్ట్ మీద బ్యాగ్ ఎండ్, ట్రోల్స్ చోటు, రివెండెల్, మిస్టీ మౌంటెన్స్, బియోర్న్ ఇల్లు, మిర్క్‌వుడ్, ఎల్ఫ్ రాజు కోట, లేక్-టౌన్, లోన్లీ మౌంటెన్ వరసగా పెట్టండి. పక్కన కాలం గడి వేయండి. మే నెలకి కాస్త ముందు బయలుదేరతారు, నడి వేసవి నాటి ఉదయం రివెండెల్ వదులుతారు, కొండ దగ్గర రహస్య ద్వారం తెరుచుకునేది శరత్కాలం చివర. బిల్బో ఇల్లు చేరేసరికి మరుసటి ఏడాది జూన్ 22, ఇంట్లో సామాన్లు వేలం వేస్తుంటారు. ఏడాది దాటిన ప్రయాణం అని తెలిశాక డ్వార్ఫుల విసుగూ ఆకలీ వేరేగా కనిపిస్తాయి.

చివరగా ఎర్ర పెన్నుతో ఒక గీత. గాండాల్ఫ్ పక్కన లేని భాగమంతా గుర్తు పెట్టండి. 7వ అధ్యాయం చివర మిర్క్‌వుడ్ అంచున విడిచిపోయి, 16వ అధ్యాయంలోగానీ మళ్లీ కనిపించడు. ఈ గీత 5వ భాగంలో పనికొస్తుంది.

4. రుజువుల పట్టీ

రెండో చదువు ఇక్కడ మొదలవుతుంది. నోట్‌బుక్‌ని అడ్డంగా తిప్పి 5 గళ్లు గీయండి: అధ్యాయం, పాత్ర, ఏం జరిగింది, గుర్తు, నా మాట.

"గుర్తు" గడి మీదే మొత్తం పని నిలబడుతుంది. నాలుగు గుర్తులు, నాలుగు రంగులు:

- చే: పాత్ర కళ్లెదుట చేసిన పని.
- మా: పాత్ర అన్న మాట. ఎవరితో అన్నాడో కూడా రాయాలి.
- క: కథకుడు తన నోటితో చెప్పిన తీర్పు.
- ఊ: మీ ఊహ.

ఈ నవలలో కథకుడు ఊరికే కూర్చోడు. మధ్యమధ్యలో పాఠకుడితో నేరుగా మాట్లాడతాడు, మంచిదీ చెడ్డదీ చెబుతాడు. ఆ తీర్పుకీ, కథలో నిజంగా జరిగినదానికీ చాలాసార్లు తేడా ఉంటుంది. రెంటినీ ఒకే రంగులో రాసుకుంటే ఆ తేడా మాయమైపోతుంది.

ఒక గడి ఎలా నింపాలో దగ్గరగా చూద్దాం. 5వ అధ్యాయం చివర బిల్బో వేలికి ఉంగరం ఉంది, ఎవరికీ కనపడడు. చేతిలో కత్తి ఉంది. బయటికి పోయే సొరంగానికి గొల్లమ్ అడ్డంగా కూర్చుని ఉన్నాడు. పొడిచేసి పోదామనుకుంటాడు బిల్బో. అంతలో, వాడి చేతిలో కత్తి లేదనీ, వాడు తనని చంపుతానని నోటితో అననైనా అనలేదనీ తోస్తుంది. వెలుగు లేకుండా, బాగుపడతానన్న ఆశ లేకుండా ఆ చలి రాళ్ల మధ్య వాడు గడిపే రోజులు కళ్లకు కడతాయి. ఒణుకు పుడుతుంది. ఒక్క ఉదుటున వాడి తల మీదుగా దూకేస్తాడు. 7 అడుగులు ముందుకి, 3 అడుగులు ఎత్తుకి.

పట్టీలో: "5 / బిల్బో / చంపగలిగీ చంపకుండా గొల్లమ్ మీదుగా దూకాడు / చే / నేను కనపడను, వాడికి ఆయుధం లేదు అన్న లెక్క ముందు, జాలి తర్వాత. జాలి పుట్టింది వాడి బతుకును ఊహించుకోవడం వల్ల."

"బిల్బో దయగలవాడు" అని రాసి ఊరుకుంటే ఈ వరస పోతుంది. ఆ వరసే మీ పేపర్‌లో ఒక పేరా అవుతుంది.

అధ్యాయానికి 6 నుంచి 8 వరసలు చాలు. 20 దాటాయంటే కథ తిరగరాస్తున్నారన్నమాట. 3 కూడా రాలేదంటే అధ్యాయంలోని సంభాషణలు మళ్లీ చదవండి.

5. పాత్రల అధ్యయనం

*బిల్బో.* "మొదట పిరికి, చివర ధైర్యవంతుడు" అన్నది అందరూ రాసే వాక్యం. దాన్ని పక్కన పెట్టి, కింది మూడు పోగులు పట్టుకోండి.

మొదటిది, పటం మీద మీరు గీసిన ఎర్ర గీత. ఒంటరిగా సాలీడుని చంపి కత్తికి పేరు పెట్టుకోవడం, డ్వార్ఫులని సాలీళ్ల నుంచి విడిపించడం, పీపాల్లో దాటించడం, స్మాగ్‌తో మాట్లాడడం అన్నీ ఆ గీత లోపలే ఉన్నాయి. టోల్కీన్ గాండాల్ఫ్‌ను ఎందుకు పక్కకి పంపించాడో ఆ గీతే చెబుతుంది.

రెండోది దొంగతనాల వరస. దీని మీద ఎక్కువసేపు నిలవండి, ఈ నవలలో ఇంతకన్నా బలమైన పోగు లేదు. బిల్బోని డ్వార్ఫుల బృందంలో చేర్చుకున్నదే దొంగగా, లాభంలో పద్నాలుగో వంతు ఇస్తామని కాగితం రాసి మరీ. 2వ అధ్యాయంలో పర్సు కొట్టేయబోతే పర్సే అరిచి పట్టించేస్తుంది. 9వ అధ్యాయంలో ఎల్ఫ్ రాజు కోటలో తాగి పడుకున్న కాపలా నాయకుడి తాళాలు తీస్తాడు. ఖైదీలని విడిపించాక అవే తాళాలు తిరిగి తెచ్చి అతని నడుముకే తగిలిస్తాడు. ఖైదీల్ని బాగానే చూసుకున్న మనిషి, అతనికి పడే తిట్లు కొంతైనా తగ్గుతాయని. 12లో స్మాగ్ సొత్తు గుట్టలోంచి ఒక కప్పు తీసుకొస్తాడు. 13లో థోరిన్ వెతికే వంశ రత్నం ఆర్కెన్‌స్టోన్‌ని ఎవరికీ చెప్పకుండా జేబులో వేసుకుంటాడు, అప్పుడు తానిప్పుడు నిజమైన దొంగనయ్యానని తనకే అనిపిస్తుంది. 16లో దాన్నే శత్రువుల చేతికిచ్చి, యుద్ధం ఆపడానికి వాడుకోమంటాడు. 18లో వీడ్కోలు చెప్పేటప్పుడు, కోటలో కనపడకుండా తిన్న రొట్టెకీ తాగిన వైన్‌కీ బదులుగా ఎల్ఫ్ రాజుకి ముత్యాలూ వెండీ కలిసిన హారం ఇస్తాడు. ఈ వరసని చార్ట్ మీద రాసి చూడండి. తీసుకోవడం నేర్చుకుంటూనే తిరిగి ఇవ్వడం నేర్చుకున్న మనిషి కనపడతాడు.

మూడోది చేతిరుమాలు. టోపీ, చేతికర్ర, డబ్బు, రుమాలు ఏదీ లేకుండా ఇంట్లోంచి పరిగెత్తుతాడు, రుమాలు మర్చిపోయానని గాబరా పడతాడు. 19వ అధ్యాయంలో ఎండకి ముఖం తుడుచుకున్న ఎర్ర పట్టు రుమాలు రివెండెల్ ప్రభువు ఎల్‌రాండ్ దగ్గర అడిగి తెచ్చుకున్నది. తనవి ఒక్కటీ మిగల్లేదు. ఇలాంటి చిన్న వస్తువులని గుర్తుపెట్టుకుని ఒక పేజీ వాటికే కేటాయించండి.

*థోరిన్.* మాటతీరు చూడండి. 1వ అధ్యాయంలో సాగదీసే ఉపన్యాసం, 10లో లేక్-టౌన్ వాకిట్లో వంశావళితో సహా ప్రకటన, 15లో లేక్-టౌన్ విలుకాడు బార్డ్‌తో మొండి జవాబులు, 18లో మరణశయ్య మీద సూటిగా, తక్కువ మాటల్లో. వాక్యాల పొడవు ఎక్కడ తగ్గిందో పెన్సిల్‌తో కొలవండి.

*మిగిలిన 12 మంది డ్వార్ఫులు.* అందరికీ సమానంగా పేజీలు ఇవ్వొద్దు, టోల్కీనే ఇవ్వలేదు. బాలిన్, బోంబుర్, ఫిలి, కిలికి తలో అర పేజీ. మిగిలినవాళ్లకి పేరు, ముసుగు రంగు, చేసిన ఒక పని రాస్తే చాలు. ముసుగు రంగులు 1వ అధ్యాయంలోనే ఉన్నాయి: డ్వాలిన్‌ది ముదురాకుపచ్చ, బాలిన్‌ది ఎరుపు, థోరిన్‌ది లేత నీలం, పొడవాటి వెండి కుచ్చుతో. గుర్తుపెట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన కొక్కెం లేదు.

6. జాతుల అధ్యయనం

ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు. జాతికి ఒక గుణం అంటించేసి పోతారు: డ్వార్ఫులు అత్యాశ, ఎల్ఫులు జ్ఞానులు, గాబ్లిన్లు దుష్టులు. దీనికి మందు, ఒక్కో జాతికి మూడు పొరలు రాయడం.

పై పొర: కథకుడు ఏమన్నాడు (క).
నడిమి పొర: వేరే జాతివాళ్లు ఏమన్నారు (మా).
అడుగు పొర: వాళ్లలో ఒక్కొక్కరు నిజంగా ఏం చేశారు (చే).

డ్వార్ఫులని చూడండి. 12వ అధ్యాయంలో కథకుడు వాళ్లు వీరులేం కాదంటాడు. డబ్బు విలువ బాగా తెలిసిన లెక్కల మనుషులనీ, వాళ్లలో మోసగాళ్లూ ఉన్నారనీ, థోరిన్ బృందంలాంటివాళ్లు మాత్రం మరీ ఎక్కువ ఆశించకపోతే మర్యాదస్తులేననీ చెబుతాడు. అడుగు పొరలో మాత్రం సొరంగంలోకి బిల్బో వెంట కొంత దూరమైనా నడిచింది బాలిన్ ఒక్కడే. ఫిలి, కిలి థోరిన్‌ని కాపాడుతూ ప్రాణాలిచ్చారు. ఒక్క మాటతో జాతిని ముగిస్తే బాలిన్ ఎక్కడికి పోవాలి?

అడవి ఎల్ఫులు: చెడ్డవాళ్లు కారు, కొత్తవాళ్లని నమ్మకపోవడమే వాళ్ల లోపం అంటాడు కథకుడు. వాళ్ల రాజుకి వెండి, తెల్లటి రత్నాలంటే బలహీనత. ఆ రాజే 17వ అధ్యాయంలో బంగారం కోసం యుద్ధం మొదలుపెట్టడానికి వెనకాడతాడు. రెండూ రాయండి, ఒకదానితో రెండోదాన్ని కొట్టేయకండి.

మనుషులు: బార్డ్, లేక్-టౌన్ పెద్ద ఒకే ఊరివాళ్లు. ఒకడు బాణం వేసి ఊరిని నిలబెడతాడు. ఇంకొకడు ఊరివాళ్ల కోసం ఇచ్చిన బంగారం ఎత్తుకుపోయి ఎడారిలో ఆకలితో చస్తాడు.

గాబ్లిన్ల దగ్గర అడుగు పొర పలచగా వస్తుంది. చెడు దారి విడిచినవాడు ఒక్కడూ కనపడడు. పలచగా వచ్చిందని దాచకండి, అదే రాయండి. ఒక జాతికి టోల్కీన్ ఎందుకు ఎంపిక ఇవ్వలేదు అన్నది మంచి ప్రశ్న, జవాబు దొరక్కపోయినా.

బియోర్న్ ఒక్కడే, వెనక జాతి కనపడదు. పగలు మనిషి, రాత్రి ఎలుగు. అతని పుట్టుక గురించి గాండాల్ఫ్ చెప్పేది రెండు వినికిడి కథలు. గుర్తు గడిలో "మా" వేయాలి, "క" వేస్తే తప్పు. హాబిట్ల సంగతీ అంతే. కథ నడిచేది ఒకే హాబిట్‌తో. బిల్బో గుణాలని జాతికి అంటగట్టే ముందు, 19వ అధ్యాయంలో అతని సామాన్లు తక్కువ ధరకి కొనుక్కుపోయిన ఇరుగుపొరుగుని గుర్తు చేసుకోండి.

మరో గడి కూడా పెట్టండి: "లేనివాళ్లు." పేరున్న ఆడమనిషి ఒక్కరే, బిల్బో తల్లి బెల్లడోనా టూక్. ఆమె కథ మొదలయ్యే సరికే లేదు. కానీ బిల్బోలో సాహసం ఆమె వైపు నుంచే వచ్చిందని కథకుడు మళ్లీమళ్లీ గుర్తు చేస్తాడు.

7. పురాణాల కొలతతో కొలిచేటప్పుడు

మన వైపు పిల్లలు సహజంగానే గాబ్లిన్లంటే రాక్షసులు, ఎల్ఫులంటే గంధర్వులు, బియోర్న్ కామరూపి అని రాస్తారు. పోలిక తప్పేం కాదు, ఆలోచన మొదలుపెట్టడానికి బాగుంటుంది. సమానం గుర్తు పెట్టేసి ఆగిపోవడంతోనే తంటా.

రాక్షసుల్లో విభీషణుడు ఉన్నాడు, అన్నని కాదని ధర్మం వైపు వచ్చాడు. ఈ నవలలో గాబ్లిన్లకి విభీషణుడు లేడు. గంధర్వులు పాడతారు, అడవి ఎల్ఫులూ పాడతారు. కానీ ఎల్ఫ్ రాజు దారి తప్పి వచ్చినవాళ్లని చెరలో వేస్తాడు. కాబట్టి పోలిక రాసిన ప్రతిసారీ కింద "ఎక్కడ తెగింది?" అని ఇంకో లైన్ రాయండి. ఆ రెండో లైన్ లేని పోలికని పేపర్‌లోకి రానివ్వకండి.

ఇక్కడి కులాలనో ప్రాంతాలనో ఈ జాతులకి అంటించడం అసలే వద్దు. దాంతో నవలా అర్థం కాదు, మనుషులకీ అన్యాయం జరుగుతుంది.

8. థీమ్ తీయడం

పట్టీ నిండాక, పటం గీశాక, జాతుల పొరలు రాశాక ఇక్కడికి రావాలి. వరస ఇదీ:

1. పట్టీలో "చే" గుర్తున్న వరసలు మాత్రమే మళ్లీ చదవండి.
2. రెండు మూడు జాతులవాళ్లు ఒకేలా చేసిన పని ఏదైనా ఉందా చూడండి.
3. దాన్ని ప్రశ్నగా రాయండి.
4. ఆ ప్రశ్నకి పుస్తకం ఒకటికన్నా ఎక్కువ జవాబులు ఇస్తే అవన్నీ రాయండి.
5. అప్పుడు వాక్యం చేయండి.

"దురాశ" అన్నది థీమ్ కాదు, ఊరికే ఒక మాట. స్మాగ్‌కి బంగారం వాడుకోవడం రాదు, అయినా ఒక కప్పు పోతే ఊరు తగలబెడతాడు. థోరిన్ తన సొత్తు అంటాడు. ఎల్ఫ్ రాజుకి రత్నాల మీద మనసు. లేక్-టౌన్ పెద్ద ఎత్తుకుపోతాడు. బిల్బో కూడా ఆర్కెన్‌స్టోన్ దాచుకున్నాడు. జాతి ఏదైనా జబ్బు ఒకటే. మరి బిల్బోకి ఎందుకు ముదరలేదు? ఇది ప్రశ్న.

జవాబు పట్టీలోనే ఉంది. 16వ అధ్యాయంలో రాయి ఇచ్చేసిన తర్వాత ఎల్ఫ్ రాజు తమ దగ్గరే ఉండిపొమ్మంటాడు, అది క్షేమం కూడా. బిల్బో వెనక్కి వెళ్తాడు. ఎందుకంటే, అర్ధరాత్రికి నిద్ర లేపుతానని బోంబుర్‌కి మాట ఇచ్చాడు. కొండంత సొత్తు మీద తగువు నడుస్తుంటే ఒకడి నిద్ర గుర్తుపెట్టుకున్న మనిషి! ఇప్పుడు వాక్యం: "ఈ నవలలో సంపద జబ్బు నుంచి బయటపడేది నిరాసక్తుడు కాదు, పక్కవాడికి ఇచ్చిన చిన్న మాటని సొత్తుకన్నా పెద్దగా చూసేవాడు." దీనికి ఒప్పుకోనివాళ్లూ ఉంటారు. ఉండాలి. వాదించడానికి వీల్లేని వాక్యం థీమ్‌గా పనికిరాదు.

వాటాల లెక్క కూడా ఒక పోగు. బిల్బోకి పద్నాలుగో వంతు అన్న ఒప్పందం, 15లో బార్డ్ తరఫున అడిగిన పన్నెండో వంతు, 17లో ఆర్కెన్‌స్టోన్‌కి బదులుగా థోరిన్ ఒప్పుకున్న పద్నాలుగో వంతు. "న్యాయమైన వాటా ఏది?" అన్న ప్రశ్న మీద విడిగా ఒక పేపర్ రాయొచ్చు. బార్డ్ చెప్పే కారణాలు వరసగా రాసుకోండి: డ్రాగన్‌ని చంపింది తను, ఆ గుట్టలో డేల్ ఊరి సొత్తు కూడా కలిసి ఉంది, డ్వార్ఫులకి ఆశ్రయమిచ్చిన ఊరే కాలి బూడిదైంది.

9. తరచూ జరిగే తప్పులు, వాటి సవరణలు

*సినిమా సంగతులు పేపర్‌లోకి రావడం.* సినిమాల్లో కనిపించే ఎల్ఫులు లెగోలాస్, టారియెల్ ఈ నవలలో లేరు. సినిమాల్లో థోరిన్ వెంట పడే అజోగ్ కూడా లేడు. పుస్తకంలో అతను పాత పగలో ఒక పేరు మాత్రమే, గాబ్లిన్లతో యుద్ధానికి వచ్చేది అతని కొడుకు బోల్గ్. ఫిలి, కిలి మరణం నవలలో ఒక్క వాక్యంలో తేలిపోతుంది. సవరణ: ప్రతి వాక్యానికి అధ్యాయం సంఖ్య రాయండి. సంఖ్య దొరకని వాక్యం కొట్టేయండి.

*హీరోయే డ్రాగన్‌ని చంపాడనుకోవడం.* చంపింది బార్డ్, 14వ అధ్యాయంలో. అప్పుడు బిల్బో కొండ దగ్గర ఉన్నాడు, ఆ సంగతే తెలియదు. అయితే ఎడమ రొమ్ము మీద కవచం లేని చోటు కనిపెట్టింది బిల్బో, ఆ సంగతి బార్డ్ చెవిన వేసింది ఒక పిట్ట. ఈ గొలుసు మొత్తం రాస్తేనే విషయం తెలుస్తుంది.

*"ఐదు సైన్యాలు" లెక్క తప్పడం.* ఒకవైపు గాబ్లిన్లు, అడవి తోడేళ్లు. ఇటువైపు ఎల్ఫులు, మనుషులు, డ్వార్ఫులు. గద్దలు, బియోర్న్ తర్వాత వచ్చారు.

*పేజీ సంఖ్యలు కలవకపోవడం.* గ్రూపులో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముద్రణ ఉంటుంది. పేజీకి బదులు అధ్యాయం, అందులో మొదలా మధ్యా చివరా అని రాసుకోండి.

*రచయిత తర్వాతి పెద్ద నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' తెచ్చి కలపడం.* ఉంగరం అసలు సంగతి దాంట్లో తెలుస్తుంది. 'ది హాబిట్' చదివేటప్పుడు అది కనపడకుండా చేసే ఉంగరం మాత్రమే. ముందుకి దూకితే గొల్లమ్ మీద జాలి ఘట్టం బరువే మారిపోతుంది.

10. గ్రూపుగా చదివితే

నలుగురైదుగురు చాలు. జాతులని పంచుకోకండి. "నాది ఎల్ఫులు, నీది డ్వార్ఫులు" అనుకుంటే ఎవరూ పుస్తకం మొత్తం చూడరు. పోగులు పంచుకోండి: ఒకరికి దొంగతనాలు, ఒకరికి వాటాలు, ఒకరికి తిండి, ఒకరికి పాటలు, ఒకరికి కథకుడి తీర్పులు. అప్పుడు అందరూ 19 అధ్యాయాలూ తిరగేయక తప్పదు.

వారానికి ఒకసారి గంటన్నర. మొదటి అరగంట పట్టీలు చదవడం, మిగతాది వాదన. తిరుపతిలో బ్రహ్మోత్సవాల వారం, మే నెలలో గంగమ్మ జాతర రోజులు ముందే క్యాలెండర్‌లో కొట్టేసుకోండి. ఆ రోజుల్లో రోడ్లు దాటి ఒక చోట చేరడమే గగనం, సగం మంది రాక ఆ వారం చర్చ నీరుగారిపోతుంది.

ఎవరైనా ఏదైనా అంటే మిగిలినవాళ్లు అడగాల్సింది ఒక్కటే: "ఎన్నో అధ్యాయం అన్నా? ఏ గుర్తు?"

11. పేపర్ రాసే వారం

ముందు థీమ్ వాక్యం రాయండి, కింద దాన్ని బలపరిచే 4 ఘట్టాలు, దాన్ని ఇరుకున పెట్టే 1 ఘట్టం. ఇరుకున పెట్టేది దొరకకపోతే పట్టీ మళ్లీ తిరగేయండి, తప్పకుండా ఉంటుంది. కథాసారం 5 లైన్లకు మించొద్దు, పేపర్ దిద్దేవాళ్లకి కథ తెలుసు.

ఇచ్చే ముందు సరిచూసుకోవాల్సినవి:

- ప్రతి పేరాలో కనీసం ఒక "చే" ఉందా?
- "క" అన్న మాటని పాత్ర అన్నట్టు రాశామా?
- జాతి మొత్తానికి అంటించిన ప్రతి గుణం పక్కన ఒక మినహాయింపు ఉందా?
- పురాణాలతో పోలిక పెట్టిన చోట "ఎక్కడ తెగింది" లైన్ ఉందా?
- పేర్లు మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరులో రాశామా? ఫిలి ఒక చోట, ఫీలీ ఒక చోట ఉంటే ఇద్దరనుకుంటారు.
- సినిమా నుంచి వచ్చిన ఒక్క ముక్కైనా మిగిలిందా?
- థీమ్ వాక్యం చదివి మీ గ్రూపులో ఒక్కరైనా "నేనొప్పుకోను" అన్నారా? అనకపోతే 8వ భాగంలో మూడో మెట్టు దగ్గరికి వెనక్కి వెళ్లండి.